బీరువా నిండా బట్టలే, వేసుకోడానికి మాత్రం ఏం లేదు

రోజూ వేసుకునే బట్టల గురించి మీ తిప్పలు రాయమని పోయిన నెల అడిగాం కదా, పట్టుచీరల గురించి వస్తాయేమో అనుకుంటే అమ్మలందరూ పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా పడే హడావిడే రాశారు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, కొన్నిటికి వివరంగా, కొన్నిటికి ఒక్క ముక్కలో చెప్తున్నా, చిన్నగా చెప్పానని ఎవరూ అలగొద్దు.

ప్రశ్న: అక్కా, మేం మణికొండలో ఉంటాం. ఇద్దరు పిల్లలు, పెద్దోడు యూకేజీ, చిన్నదానికి ఇంకా రెండేళ్లు నిండలేదు. వారంలో మూడు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్లాలి. పొద్దున క్యాబ్ వచ్చి కింద హారన్ కొడుతుంటే నేనింకా బీరువా ముందే నిలబడి ఉంటా. టాప్ దొరికితే లెగ్గిన్ దొరకదు, లెగ్గిన్ దొరికితే చున్నీకి ఇస్త్రీ ఉండదు. సేల్ వచ్చినప్పుడల్లా కొంటూనే ఉన్నా, అయినా ఆఫీసుకి అవే రెండు కుర్తాలు తిప్పి తిప్పి వేస్తున్నా. నాకు బట్టల టేస్టే లేదని మా చెల్లి వెక్కిరిస్తుంది. ఏం కొనాలో చెప్పండి.

జవాబు: ముందైతే ఏమీ కొనకండి తల్లీ. మీ ఉత్తరంలో సగం జవాబు మీరే రాసేశారు, ఆ రెండు కుర్తాలు. వాటిని చూసి సిగ్గుపడుతున్నారు గానీ బీరువాలో మీకు పనికొస్తున్నవి అవి రెండే. అవే ఎందుకు చేతికొస్తున్నాయో ఒకసారి వాటిని మంచం మీద పరిచి చూడండి. చిన్నదాన్ని ఎత్తుకుని వంగినా మెడ జారదేమో, చేతులు మోచేతి పైదాకే ఉండి గిన్నె కడిగినా తడవవేమో, ఇస్త్రీ లేకపోయినా నడుస్తుందేమో, పాలు ఒలికినా ఆ ప్రింట్‌లో కనపడదేమో, పక్కన జేబు ఉందేమో. ఇవి టేస్టుకి సంబంధించినవి కావు, మీ రోజుకి సంబంధించినవి. సేల్‌లో కొన్నప్పుడు మనం చూసేది రంగు, రేటు, డిస్కౌంటు, ఈ లెక్కలేవీ అప్పుడు గుర్తుండవు, పైగా చాలామంది ఫంక్షన్‌కి పనికొస్తుందా అని చూసి కొంటారు, అది రెండు ఫంక్షన్లకి వేశాక పాతదైతే అప్పుడు ఆఫీసుకి దించుతారు. అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఒంటి మీద ఉండేవి మాత్రం మిగిలిపోయినవన్నమాట. ఇదే నాకు నచ్చనిది. పదిమందిలో నాలుగు గంటలు కట్టే చీరకి పది వేలు పెడతాం, రోజూ పన్నెండు గంటలు వేసుకునే కుర్తాకి ఆరొందలంటే బేరమాడతాం.

జాకెట్టుకి టైలర్ దగ్గర ఆది ఇస్తాం కదా, అలాగే ఆ రెంటిలో బాగా కుదిరిన కుర్తాని ఆదిగా ఇవ్వండి. దాని మీదే ఇంకో నాలుగు కుట్టించుకోండి, కాలరో మెడో కొంచెం మార్చుకుంటే ఎవరికీ తెలీదు అన్నీ ఒకటే కటింగ్ అని. మోకాలి కింద దాకా వచ్చే కుర్తాకి మామూలుగా రెండున్నర మీటర్లు తీసుకుంటారు. గుడ్డకి మంగళగిరి కాటన్ నా ఓటు, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది, ఆ సన్నటి జరీ అంచు కింద పెట్టి కుట్టిస్తే ఆఫీసులో వేరే అలంకారం అక్కర్లేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో అయినా, కోఠిలో అయినా, మదీనా పత్తర్‌గట్టి వైపు అయినా మీటర్ల లెక్కన దొరుకుతుంది, మణికొండ నుంచి అంత దూరం పిల్లలతో వద్దులెండి, ఒక్కరే ఆదివారం కాకుండా వేరే రోజు వెళ్లండి. తెచ్చాక కుట్టడానికి ఇచ్చే ముందు రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి, కాటన్ ముడుచుకునేది అక్కడే ముడుచుకుంటుంది, కుట్టించాక ముడుచుకుంటే చంకల దగ్గర పట్టేసి మళ్లీ ఆ కుర్తా బీరువా అడుక్కి పోతుంది. రేయాన్ కొనేటప్పుడు ఇంకా జాగ్రత్త, అది మెత్తగా జారుతూ షాపులో భలే ఉంటుంది గానీ ముడుచుకోవడంలో కాటన్‌ని మించిపోతుంది, తడిస్తే బలం కూడా తగ్గుతుంది కాబట్టి గట్టిగా పిండకూడదు.

టైలర్‌కి రెండు చెప్పండి. ఒకటి, పక్క కుట్టులో జేబు, ఫోన్ మొత్తం లోపలికి దిగేంత లోతు. "లేడీస్‌కి జేబు పెడితే ఉబ్బుగా కనపడుద్ది మేడమ్" అంటాడు, కనపడనివ్వండి. రెండోది, రెండు పక్కలా లోపల ఇంచ్ దాకా గుడ్డ వదలమనండి, లావైతే విప్పుకోవచ్చు.

కిందకి వేసుకునేవి మూడు రంగులు చాలు, నలుపు, హాఫ్ వైట్, మెరూనో నేవీబ్లూనో ఒకటి. కొనే ప్రతి కుర్తా ఈ మూడింట్లో కనీసం రెంటి మీదకి వెళ్లాలి, వెళ్లకపోతే ఎంత అందంగా ఉన్నా షాపులోనే వదిలేయండి. చున్నీ లేకుండా నడిచేలా కుర్తా కుట్టించుకుంటే సగం గొడవ పోతుంది. ఏసీకి చలేస్తే ఒక పల్చటి కాటన్ స్టోల్ ఆఫీసు డ్రాయర్‌లో పడేసి ఉంచండి, మే నెలలో బయట నలభై దాటి ఉంటుంది, లోపల పళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి, అది హైదరాబాద్ ఆఫీసుల లక్షణం. ఆదివారం ఇస్త్రీ బట్టలు రాగానే ఆ మూడు రోజుల కుర్తా, ప్యాంటు, లోపల స్లిప్ అన్నీ ఒక్కో హ్యాంగర్‌కి కలిపి తగిలించేయండి. పొద్దున చెయ్యి చాపితే ఒక హ్యాంగర్ రావాలి, అంతే, అప్పుడు ఆలోచించకూడదు.

మిగతా బీరువా సంగతి తీరిగ్గా చూద్దురు గానీ. చెల్లిని పట్టించుకోకండి, ఆవిడకి ఇంకా పిల్లల్లేరేమో.

ప్రశ్న: అక్కా నేను దిల్‌సుఖ్‌నగర్‌ల ఉంట. పొద్దుగాల పిల్లని స్కూల్ బస్సు ఎక్కియ్యనీకి నైటీ మీద చున్నీ ఏస్కొని పోత. మా గల్లీల అందరు గట్లనే వస్తరు. మొన్న మా బిడ్డ, నాలుగో తరగతి, "మమ్మీ నువ్వు గేటు కాడనే ఆగు, బస్సు దాక రాకు" అన్నది. మస్తు బాధైంది. నైటీ తప్పా?

జవాబు: తప్పేం కాదమ్మా. పొద్దున ఏడున్నరకి ఈ ఊళ్లో ఏ గల్లీలో నిలబడ్డా నైటీ మీద చున్నీనే యూనిఫాం, పాల ప్యాకెట్‌కీ అదే, కూరగాయల బండికీ అదే, చెత్త బండి పాట వినపడి బకెట్ పట్టుకుని ఉరికినా అదే. కానీ నాలుగో తరగతి పిల్లలకి అప్పుడే పక్క పిల్లలు ఏమంటున్నారో వినపడడం మొదలవుతుంది. బస్సులో ఎవరో ఏదో అని ఉంటారు. దాన్ని అడగండి, కోప్పడకుండా.

నా మాట వింటే నైటీ మానొద్దు, మార్చండి. అదే నైటీ గుడ్డ, అదే పూల డిజైన్, కాకపోతే మోకాళ్ల కింద దాకా వదులు కుర్తీ, దానికి అదే గుడ్డతో పైజామా, రెండు పక్కలా జేబులు. రాత్రి పడుకోడానికి అదే, పొద్దున బస్సుకి అదే, పైన చున్నీ కూడా అక్కర్లేదు. గల్లీ చివర మిషన్ పెట్టుకున్న టైలరమ్మ అయినా కుట్టిస్తుంది. మెత్తగా జారే నైలాన్, పాలిస్టర్ నైటీలు మాత్రం వంటింట్లో వద్దే వద్దు. కాటన్ కూడా మంటకి అంటుకుంటుంది గానీ సింథటిక్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది, ఆ గాయం చాలా ఘోరం. చున్నీ కూడా గ్యాస్ దగ్గరికి వెళ్లే ముందు తీసి తలుపుకి తగిలించండి, నడుముకి చుట్టి ముడేసినా జారుతుంది.

ప్రశ్న: డెలివరీ అయి ఏడో నెల. జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు, మళ్లీ సన్నబడతాను కదా అని కొత్తవి కుట్టించుకోబుద్ధి కావట్లేదు. బాబు ఇంకా పాలు తాగుతున్నాడు, వచ్చే నెల మా మరిది పెళ్లి. — ఈసీఐఎల్ నుంచి

జవాబు: పాత జాకెట్లు తిరగేసి పక్క కుట్లు చూడండి, మంచి టైలర్ కుట్టినవైతే లోపల రెండు మూడు వరసల కుట్లు ఉంటాయి, ఒక్కో వరస విప్పుకుంటూ పోవచ్చు. లేకపోతే చంక కింద అదే రంగు గుడ్డ ముక్క అతికిస్తారు, పైట కింద ఎవరికీ కనపడదు. పెళ్లికి మాత్రం ఒకటి ఇప్పటి ఒంటికి కొత్తగా కుట్టించుకోండి, పాత ఆది ఇవ్వకండి, టేపుతో కొలతలు తీయమనండి. హుక్కులు ముందు వైపే పెట్టించండి, వెనక హుక్కులు, డోరీలు ఇప్పుడు వద్దు, పాలివ్వాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరిని పిలవాలి. సన్నబడ్డాక దాన్నే లోపలికి పట్టించుకోవచ్చు, చిన్నదాన్ని పెద్ద చేయడం కంటే పెద్దదాన్ని చిన్న చేయడమే తేలిక. ఇంట్లోకి సాగే రెడీమేడ్ జాకెట్లు రెండు నలుపు, బంగారు రంగు తీసుకుంటే చాలా చీరల మీదకి వెళ్లిపోతాయి. బయటికి వెళ్లడానికి కుర్తీలకే నిలువుగా రెండు జిప్పులు పెట్టిన ఫీడింగ్ కుర్తీలు వస్తున్నాయి, లేదా ఉన్న కుర్తీకే టైలర్‌తో పెట్టించుకోవచ్చు. జిప్పు మీద గుడ్డ పట్టీ ఉండాలి, లేకపోతే బాబు బుగ్గకి గీసుకుంటుంది.

పెళ్లిలో పైటకి పిన్నీసు భుజం వెనక వైపు పెట్టండి, బాబు చెయ్యి అందే చోట వద్దు. పొడుగు హారాలు వాడికి ఆటవస్తువులు, ఆ రోజుకి మెడకి అంటుకుని ఉండే నెక్లెస్ మేలు.

అడగకపోయినా ఒక మాట. లంగా బొందు బిగించి కట్టకండి. చీర జారుతుందని ఏళ్ల తరబడి ఒకే చోట బిగిస్తే నడుము చుట్టూ చర్మం నల్లబడి, ఒరుసుకుపోయి పుండు పడుతుంది, అలా మానకుండా ఉన్న పుండు క్యాన్సర్‌గా మారిన కేసులు కూడా మన దేశంలో డాక్టర్లు రాశారు. బొందు లంగా బదులు వెడల్పాటి పట్టీ ఉన్నది వాడండి, మచ్చ మానకపోతే చర్మం డాక్టర్‌కి చూపించండి. పెద్దవాళ్లకి కూడా చెప్పండి, అమ్మమ్మలకి ఈ మచ్చ మామూలే అనుకుంటాం.

ప్రశ్న: మేడమ్, నేను ఉప్పల్‌లో ప్రైవేట్ స్కూల్ టీచర్‌ని. చీర కంపల్సరీ. స్కూటీ మీద వెళ్తా. కాటన్ చీరలు ఇష్టం కానీ గంజి పెట్టే టైమ్ లేదు, మధ్యాహ్నానికి నలిగిపోయి పిల్లల నానమ్మలా కనపడుతున్నా. సింథటిక్ కడితే చెమట. ఇద్దరు పిల్లల్ని రెడీ చేసి నేను రెడీ అయ్యేసరికి అసెంబ్లీ బెల్.

జవాబు: మీకోసం కొంచెం ఎక్కువసేపు కూర్చుంటా, ఎందుకంటే ఇలాంటి టీచరమ్మలు చాలామంది రాశారు.

అన్ని కాటన్లూ ఒకటి కాదు. మరీ పల్చటి వెంకటగిరి లాంటివి కట్టుకుంటే హాయే గానీ గంజి లేకపోతే నిలబడవు, వాటిని సెలవు రోజులకి ఉంచండి. స్కూల్‌కి నారాయణపేట కాటన్ చూడండి, గళ్లు, పక్కన ముదురు రంగు అంచు, గుడ్డ కాస్త మందం, గంజి లేకపోయినా కుచ్చిళ్లు నిలబడతాయి, గళ్లలో నలుగు కూడా తక్కువ కనపడుతుంది. మంగళగిరి చీరలు కూడా అంతే. కొత్త చీరకి ఫాల్ వేయించే ముందు ఫాల్ గుడ్డని కూడా నానబెట్టి ఇస్త్రీ చేసి ఇవ్వండి, లేకపోతే మొదటి ఉతుకుకే ఫాల్ ముడుచుకుని అంచు అంతా కుచ్చులు పడి వంకరగా వేలాడుతుంది, ఇస్త్రీ ఎంత చేసినా పోదు.

గంజి సంగతి. ఇప్పుడు అందరిదీ కుక్కర్ అన్నమే కాబట్టి వార్చిన గంజి దొరకదు, నిజమే. శనివారం సాయంత్రం గుప్పెడు సగ్గుబియ్యం ఎక్కువ నీళ్లలో గింజ కరిగేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టండి, వడకట్టకపోతే చీర మీద తెల్ల చుక్కలు పడి ముదురు రంగుల్లో అసహ్యంగా కనపడతాయి. దాంట్లో నీళ్లు పోసి పల్చటి మజ్జిగలా చేసుకోండి. ఉతికి పిండిన తడి చీరని అందులో ముంచి, మెల్లగా పిండి, నీడలో ఆరేయండి, పూర్తిగా ఎండకముందే, కొంచెం చెమ్మ ఉండగానే తీసి ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని లాగి మడతేయండి, మీ ఆయన్ని పిలవండి, ఆ మాత్రం చేస్తారు. అలా లాగి మడతేసిన చీరకి ఇస్త్రీ పని సగం తగ్గుతుంది. వారానికి కావాల్సిన మూడు చీరలు ఒకేసారి ముంచేస్తే సరి. వానాకాలంలో మాత్రం గంజి చీరలు బీరువాలో నిలవ పెట్టొద్దు, చెమ్మకి వాసనొస్తుంది, గంజి అంటే వెండి పురుగులకి విందే. వేసవి సెలవులకి చీరలు లోపల పెట్టేటప్పుడు గంజి పోయేలా ఉతికి పెట్టండి.

టైమ్‌కి ఒక ఉపాయం, రాత్రి పిల్లలు పడుకున్నాక పైట మడతలు, కుచ్చిళ్లు పెట్టేసి క్లిప్పులతో పట్టించి హ్యాంగర్‌కి వేయండి. పట్టుచీరలకి డబ్బులిచ్చి ప్రీ ప్లీటింగ్ చేయించుకుంటున్నాం కదా, కాటన్‌కి అది ఇంట్లో మనమే చేసుకోవచ్చు. పొద్దున కట్టడానికి పట్టే టైమ్ బాగా తగ్గుతుంది.

స్కూటీ గురించి కొంచెం గట్టిగానే చెప్తా. వదిలిన పైటతో బండెక్కొద్దు. పైటకొంగు ముందుకి తెచ్చి నడుములో దోపి, పైన ముందు బటన్లు పెట్టుకునే కాటన్ కోటు, అదే ఎండకి వేసుకునేది, వేసుకోండి, పైట కదలదు, ఎండ తగలదు, దుమ్ము పడదు. వెనక కూర్చునే వాళ్లయితే ఇంకా ప్రమాదం, కొంగు, చున్నీ చక్రంలో పడితే మెడకి చుట్టుకుంటుంది. బైకు వెనక చక్రానికి సారీగార్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, అందంగా లేదని కుర్రాళ్లు పీకేస్తారు, మీ ఇంట్లో బైకు చూసి ఉందో లేదో కనుక్కోండి.

వాన రోజులకి ఒక రెండు జార్జెట్‌వి ఉంచుకోండి, నేను సింథటిక్‌కి విరోధిని కాను, జులైలో తడిసిన కాటన్ చీరతో ఆరో పీరియడ్ దాకా నిలబడ్డవాళ్లకి తెలుసు.

ప్రశ్న: ఎగ్జిబిషన్‌లో "ప్యూర్ కాటన్ పోచంపల్లి" అని చాలా తక్కువకి రెండు డ్రెస్ మెటీరియల్స్ ఇచ్చారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? — మల్కాజ్‌గిరి

జవాబు: తిరగేసి చూడండి. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే దారానికి ముడులు కట్టి రంగులద్దుతారు, అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. వెనక వైపు వెలిసినట్టు ఉంటే అది ఇక్కత్ ప్రింటు. ప్రింటు వేసుకోవడం నేరమేం కాదు, ప్రింటు రేటుకి కొంటే. 2005లోనే పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతం నేతకే చెందుతుందనే గుర్తింపు, వచ్చింది, అయినా ఆ పేరుతో ప్రింట్లు అమ్మడం ఆగలేదు. కాటనా కాదా అన్నదానికి, కొసన నాలుగు దారాలు లాగి, సింక్ దగ్గర పట్టకారుతో పట్టుకుని అంటించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి నల్లపూస అవుతుంది. పొడుగు దారం ఒకటి, అడ్డ దారం ఒకటి విడిగా చూడండి, ఒకటి కాటన్, ఒకటి పాలిస్టర్ కలిపి నేసేవి కూడా ఉంటాయి. ఊరు దగ్గరే కదా, భూదాన్ పోచంపల్లి ఒక సెలవు రోజు పిల్లల్ని తీసుకుని వెళ్లి రండి, మగ్గం చూస్తే రేటు ఎందుకంతో వాళ్లకీ తెలుస్తుంది.

ప్రశ్న: తెల్ల కుర్తా మీద పప్పు పడింది. సబ్బు పెట్టగానే ఎర్రగా అయింది! పాడైపోయిందా?

జవాబు: లేదు. పప్పులోని పసుపుకి సబ్బు తగిలితే అలాగే ఎర్రబడుతుంది, సబ్బు బాగా జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. నూనె జిడ్డు పోవడానికి గిన్నెలు తోమే లిక్విడ్ రాసి ఉతకండి, తర్వాత తడిగానే ఎండలో, మరక పైకి కనపడేలా వేయండి. పసుపు రంగు ఎండకి నిలవదు, రెండు మూడు రోజుల ఎండకి చాలావరకు పోతుంది. రంగు బట్టలకి ఇంతసేపు ఎండ వద్దు, అసలు రంగే వెలిసిపోతుంది.

ప్రశ్న: నాకు నలభై రెండు. పెళ్లయ్యాక ఇప్పటిదాకా జీన్స్ వేయలేదు. వేయాలని ఉంది. పెద్దమ్మాయి ఇంటర్, "బాగుంటది వేస్కో మమ్మీ" అంటోంది. మా అత్తయ్య ఏమీ అనరు, మా ఆయనే చూసి ఒక నవ్వు నవ్వి ఊరుకుంటారు. — నల్లకుంట

జవాబు: వేసుకోండి. మీ అమ్మాయినే తీసుకుని వెళ్లండి, కానీ ఆవిడ నడుము కిందకి ఉండే జీన్స్ పట్టుకొస్తుంది, ఒప్పుకోవద్దు. నడుము బొడ్డు దాకా వచ్చేది, కాళ్లు నిటారుగా ఉండేది, మరీ పట్టేసేది కాకుండా, ముదురు నీలం, చిరుగులు లేనిది. ట్రయల్ రూమ్‌లో నిలబడి అద్దం చూసుకుంటే సరిపోదు, కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని చూడండి, లేచేటప్పుడు వెనక జారకపోతే అది మీది. పైన మీ దగ్గరున్న పొట్టి కాటన్ కుర్తీలే చాలు. మొదటి రోజు ఫంక్షన్‌కి కాదు, ఆదివారం రైతు బజార్‌కి వేసుకెళ్లండి, టమాటాల వాడు మీ జీన్స్ చూడడు. ఇంకో సంగతి, కొత్త జీన్స్ మొదటి నాలుగైదు సార్లు తిరగేసి విడిగా ఉతకండి. దాని నీలం గనక మీ ఆయన తెల్ల చొక్కాలకి ఎక్కిందంటే, ఇప్పటిదాకా నవ్వి ఊరుకున్న మనిషి అప్పుడు మాట్లాడతారు.